వాడరేవు బంగళాలో పది రోజులు

నేను సముద్రం చూసింది ఒక్కసారే. పంతొమ్మిది వందల యాభై ఏడు మే నెలలో, నాకు పదకొండేళ్ళప్పుడు. పది రోజులు దాని పక్కనే ఉన్నాం. ఆ తర్వాత వెళ్ళే అవకాశం రెండు మూడు సార్లు వచ్చినా నేను వెళ్ళలేదు. ఎందుకని మా పిల్లలు అడిగితే ఎండ అనో, దూరమనో చెప్పి తప్పించుకున్నాను. అసలు సంగతి ఇది.

మాది రాచర్ల. నాకు రెండేళ్ళప్పుడు మా నాయన విషజ్వరంతో పోయాడు. అప్పటికి మా అమ్మ కృష్ణమ్మకు ఇరవై రెండేళ్ళు. ఊరి పెద్దలు కూర్చుని, వాగు ఒడ్డున ఉన్న ఏడెకరాల పొలాన్నీ, అందులోని బావినీ అమ్మ బతికినంతకాలం అనుభవించవచ్చునని, ఆమె తర్వాత మా పెదనాయన వెంకటసుబ్బయ్యకూ చిన్నాయన నరసింహులుకూ చేరాలని కాగితం రాయించారు. పెద్దింట్లోనే పడమటి వైపు రెండు గదులు మాకు వదిలారు. అమ్మ ఆ పొలంలో జొన్న, కొర్ర, ఆముదాలు పండించింది. ఇరవై గొర్రెలను సాకింది. ఇంట్లో ఆమెను తిట్టిన వాళ్ళు లేరు, కొట్టిన వాళ్ళు లేరు, పలకరించిన వాళ్ళు కూడా లేరు. ఎవరైనా ప్రయాణమై బయలుదేరుతుంటే అమ్మ తనంతట తానే గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకునేది. భర్త పోయిన మనిషి ఎదురు రాకూడదు కదా. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకుండా పోయింది.

అటువంటి ఇంట్లో ఒకరోజు చిన్నాయన మార్కాపురం నుంచి వచ్చాడు. అక్కడ ఒక వకీలు దగ్గర గుమాస్తాగా పనిచేసేవాడు. మా అవ్వ ఓబులమ్మకు ఆయాసం. మంచం పక్కన కూర్చుని, గడపకు ఇవతల నిలబడిన అమ్మకు కూడా వినబడేటట్టు చెప్పాడు.

"అమ్మకు సముద్రపు గాలి తగిలితే ఆయాసం తగ్గుతాదని డాక్టరు చెప్పినాడు. మా వకీలుకు తెలిసిన పలకల వ్యాపారి బంగళా ఒకటి వాడరేవులో ఉంది. ఎండాకాలమంతా ఊరికే పడుంటాది. అందరం పోయి పదిరోజులు ఉండొద్దాం. వదినా, నువ్వూ మన పాప రమణా కూడా రావాల."

అమ్మ వెనక్కి తిరిగి చూసింది, వదినా అన్నది ఇంకెవరినో అన్నట్టు. "నేనెందుకులే నాయనా. గొర్రెల్ని ఎవరు చూస్తారు?" అంది.

"మన పాలేరు అంకన్న చూస్తాడులే," అన్నాడు పెదనాయన. తొమ్మిదేళ్ళలో ఆయన అమ్మతో నేరుగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. "ఎప్పుడూ ఆ పొలం, ఆ గొర్రెలేనా కృష్ణమ్మా? నువ్వు మాత్రం మనిషివి కాదా? పాప కూడా సముద్రం చూస్తాది."

బయలుదేరే రోజు తెల్లారేసరికి బండి కట్టారు. అమ్మ అలవాటుగా గదిలోకి పోబోయింది. పెద్దమ్మ సావిత్రమ్మ ఆమె చెయ్యి పట్టుకుని అందరి ముందుగా బండి దగ్గరకు తీసుకొచ్చింది. అమ్మ బండి ఎక్కి, తను కూర్చునే చోటును కొంగుతో తుడిచి కూర్చుంది. తల వంచుకునే ఉంది కానీ, ఆమె ముక్కుపుటాలు అదురుతుండటం నాకు కనిపించింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. సంతోషమని తర్వాత తెలిసింది.

గిద్దలూరులో చిన్న రైలుబండి ఎక్కి, కంభం, మార్కాపురం దాటి, గుంటూరులో పెద్ద బండికి మారి, మర్నాడు చీరాలలో దిగాం. అక్కడి నుంచి రెండు జట్కాలు. దారి పొడుగునా ఇసుక. రెండు పక్కలా సరుగుడు తోటలు. ఆ తోటలు దాటగానే చక్రాలు ఆగిపోయాయి, గుర్రాలు ఆగిపోయాయి, మేం కూడా మాటలు ఆపేశాం. ఎదురుగా అంత నీళ్ళు. మా ఊళ్ళో బిందెడు నీళ్ళకు వాగులో చలమ తవ్వుకుని గంటసేపు కూర్చునేవాళ్ళం. మా అమ్మ జట్కా దిగి, "ఇన్ని నీళ్ళు పెట్టుకుని వీళ్ళు ఏం పండిస్తారో!" అంది. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది.

బంగళా పెద్దదే. ఎర్ర పెంకుల కప్పు, సముద్రం వైపు పొడవాటి వరండా, నాలుగు గదులు. చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేదు. అర మైలు దూరంలో జాలర్ల గుడిసెలు కనిపించేవి. బంగళా చూసుకునే యేసుమణి అనే ఆమె ఉదయం వచ్చి తాగే నీళ్ళు పోసి, వాకిలి ఊడ్చి సాయంత్రానికి వెళ్ళిపోయేది. జట్కా కావాలంటే ఆమె చేత కబురు చేయాలి. కబురు చేస్తేనే వస్తుంది.

మొదటి మూడు రోజులు నా జీవితంలో అంత సుఖం మళ్ళీ ఎరగను. పొద్దున్నే ఇసుకలో పరుగు, నీళ్ళలో గెంతులు, మధ్యాహ్నం వరండాలో చాపలు పరుచుకుని నిద్ర. పెదనాయన కూతుళ్ళిద్దరూ ఊళ్ళో నన్ను ఆటలోకి రానిచ్చేవాళ్ళు కారు. ఇక్కడ నా చెయ్యి వదిలేవాళ్ళు కారు. పెద్దమ్మ మొదట అమ్మకే వడ్డించేది. "తిను కృష్ణమ్మా, ఎప్పుడు చూసినా సగం కడుపే" అని ఇంకో ముద్ద వేసేది. సాయంత్రం అవ్వ ఇసుకలో కూర్చుంటే అమ్మ చీర పైకి దోపుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడేది. అల వచ్చి తాకినప్పుడల్లా చిన్నపిల్లలా కేక పెట్టేది. మూడో రోజు నాతో, "మీ నాయన పోయినాక ఇట్ల నన్ను మనిషిగా చూడటం ఇదే రమణా" అంది. "మన వాళ్ళు మంచోళ్ళే. నేనే ఊరికే అనుకుంటి."

నాలుగో రోజు భోజనాలయ్యాక పెదనాయన అమ్మను వరండాలోకి పిలిచాడు. చిన్నాయన ఒక సంచిలోంచి కాగితాలు తీశాడు. స్టాంపు కాగితాలు, మీద బొమ్మ ఉన్నవి.

"ఏం లేదు వదినా. కొత్త రాష్ట్రం వచ్చిందా, కొత్త చట్టాలు వచ్చినాయి. పొలం కాగితాలన్నీ సరిచేసుకోవాల. ఇక్కడ సంతకం పెడితే చాలు. మిగతాది నేను చూసుకుంటా."

అమ్మ మూడో తరగతి దాకా చదువుకుంది. సంతకం చేయగలదు, అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. కాగితం చేతిలోకి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. చదవనక్కర్లేదని చిన్నాయన అంటున్నా ఆమె వేలు అక్షరాల కింద జరుగుతూనే ఉంది. చాలాసేపటికి ఒక మాట దగ్గర ఆగింది.

"హక్కు... వి, డు, ద, ల. విడుదల అని ఉందే. ఎవరికి విడుదల?"

చిన్నాయన పెదనాయన వైపు చూశాడు. పెదనాయన గొంతు సవరించుకున్నాడు. ఆయన అబద్ధం చెప్పదలచుకోలేదు. దానికి మాత్రం ఆయన్ని తప్పు పట్టలేను.

"చెప్తా విను కృష్ణమ్మా. పోయినేడు ఢిల్లీలో చట్టం చేసినారు. ఆడోళ్ళ చేతిలో బతికినంతకాలానికి అని ఉండే భూమి ఇంక వాళ్ళకే సొంతం అంట. అమ్ముకోవచ్చు, ఇష్టమొచ్చినోళ్ళకు రాసియ్యొచ్చు. రేపు రమణకు పెళ్ళయితే ఆ ఏడెకరాలు పరాయింటికి పోతాది. మా నాయన, మా తాత చెమట పోసిన నేల. అది మాకు వదిలిపెడుతున్నానని నువ్వు రాసిస్తే, ఏటా నీకు తిండిగింజలు, గుడ్డలు ఇస్తానని, ఆ రెండు గదులు నువ్వు బతికినంతకాలం నీవేనని నేను రాసిస్తా. పాప పెళ్ళి నా కూతుళ్ళతో పాటే చేస్తా."

అమ్మ కాగితాన్ని మడిచి చాప మీద పెట్టింది. మూడు రోజులుగా ముఖంలో ఉన్న వెలుగు అక్కడే, ఆ మధ్యాహ్నమే ఆరిపోయింది. "ఊరికి పోయినాక చూద్దాం బావా. అర్ధవీడు పోయి మా అన్నను కూడా ఒక మాట అడగాల" అంది.

"నిదానంగానే ఆలోచించు. ఇంకా ఆరు రోజులు ఇక్కడే ఉంటాం కదా," అన్నాడు పెదనాయన. గొంతులో కోపం లేదు.

ఆ తర్వాత ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అదే కష్టమైంది. అన్నం తింటుంటే పెద్దమ్మ, "ఆడదానికి పొలం ఎందుకు చెల్లే, మగదిక్కు ఉండగా" అనేది. తల దువ్వుకుంటుంటే అవ్వ దగ్గుతూ వచ్చి, "నేను పోయేలోపల నా కొడుకులు ఒకటిగా ఉండటం చూడాల కృష్ణమ్మా" అనేది. చిన్నాయన నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గిద్దలూరు హైస్కూల్లో చేర్పిస్తానని, సైకిలు కొనిపెడతానని చెప్పేవాడు. చెప్తూ అమ్మ వైపు చూసేవాడు. అమ్మ నీళ్ళ ఒడ్డుకు పోతే ఎవరో ఒకరు తోడు. వెనక తోటలోకి పోయినా తోడే. మా అన్నకు ఉత్తరం రాస్తానని అమ్మ అంటే, సరే వదినా, నేనే పోస్టులో వేస్తా అన్నాడు చిన్నాయన. అమ్మ రాయలేదు.

ఐదో రోజు పెద్దమ్మ అమ్మకు ఆకుపచ్చ అంచు చీర ఒకటి ఇచ్చింది. కట్టుకోమని బలవంతపెట్టింది. అమ్మ కట్టుకుని వరండాలో కూర్చుంటే అందరూ బాగుంది, బాగుంది అన్నారు. మధ్యాహ్నం నేను నిద్ర లేచేసరికి అమ్మ ఆ చీర విప్పేసి, మడతపెట్టి, పాత చీరలో గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. ఏమైందమ్మా అంటే, "ఊపిరాడటంలా" అంది. అంత గాలిలో ఊపిరాడకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

ఆరో రోజు పొద్దున్నే అందరూ నీళ్ళ దగ్గరకు వెళ్ళారు. నాకు కడుపునొప్పిగా ఉందని అమ్మ చెప్పి నన్ను తనతో ఉంచుకుంది. నాకు ఏ నొప్పీ లేదు. అమ్మ తన రెండు చీరలూ నా గౌన్లూ మూటకట్టింది. యేసుమణి వాకిట్లో ఊడుస్తోంది.

"అక్కా, చీరాలకు నడిచిపోతే ఎంతసేపు?"

యేసుమణి చీపురు ఆపింది. "ఎండెక్కక ముందు బయలుదేరితే రెండు గంటలు. ఇసుక దారి. పిల్ల నడవగలదా?" అని, మూట చూసి ఇంకేమీ అడగలేదు. తోటలోంచి అడ్డదారి చూపించింది.

మేం ఒక మైలు నడిచి ఉంటాం. పాదం చీలమండ దాకా ఇసుకలో దిగిపోతోంది. ఆ రోజు జాలర్ల పడవలో తిప్పుతామని పెదనాయన మాకు మాట ఇచ్చి ఉన్నాడు. అక్కలిద్దరూ పడవ ఎక్కుతారు, నేను ఎక్కను. అది తప్ప నాకు వేరే ఆలోచన లేదు. "ఊరికెందుకమ్మా ఇప్పుడే? నేను రాను" అన్నాను. అమ్మ చెయ్యి పట్టి లాగింది. నేను ఇసుకలో చతికిలబడ్డాను. గట్టిగా ఏడ్చాను. అమ్మ కొట్టలేదు. పక్కన కూర్చుని, "లే తల్లీ. లేమ్మా. రైలెక్కితే మామ దగ్గరికి పోదాం" అని బతిమాలింది. నేను లేవలేదు. ఆమె నన్ను ఎత్తుకోవాలని చూసింది. మూట ఒక చేత, నేను ఒక చేత. పది అడుగులు వేసి ఆయాసంతో దించేసింది. మళ్ళీ కూర్చున్నాం.

అలా ఎంతసేపు కూర్చున్నామో, వెనక నుంచి జట్కా గంటలు వినిపించాయి. ఆ పొద్దున బంగళాకు సరుకులు దింపడానికి వచ్చిన జట్కా అది.

చిన్నాయన దిగి వచ్చాడు. ఆయన ముఖంలో కోపమేమీ లేదు. "ఏంది వదినా ఇది? ఎండలో పాపను నడిపించుకుంటా యాడికి? ఊరికి పోవాలంటే చెప్తే పంపియ్యమా?" అంటూ మూట అందుకుని జట్కాలో పెట్టాడు. నన్ను ఎత్తి కూర్చోబెట్టాడు. జట్కా మనిషి మమ్మల్నే చూస్తున్నాడు. ఆ పరాయి మనిషి ముందు అమ్మ ఏం మాట్లాడగలదు? చేతిలో రైలు టికెట్టుకు కూడా డబ్బు లేదు. జట్కా ఎక్కింది.

"చీరాలకా?" అని జట్కా మనిషి అడిగాడు.

"బంగళాకు," అన్నాడు చిన్నాయన.

ఆ మధ్యాహ్నం అమ్మ సంతకం చేసింది. చిన్నాయన చూపించిన చోటల్లా, ప్రతి కాగితం కింద, ఒక్కొక్క అక్షరం పట్టి పట్టి రాసింది. ఇద్దరు జాలర్లను పిలిపించి సాక్షుల వేలిముద్రలు వేయించారు. పెద్దమ్మ అమ్మకు పెద్ద గ్లాసుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అమ్మ తాగింది. ఆ సాయంత్రం నన్ను పడవ ఎక్కించారు. పడవ మీద నుంచి చూస్తే బంగళా అగ్గిపెట్టెంత ఉంది. వరండాలో అమ్మ సముద్రానికి వీపు పెట్టి కూర్చుని ఉంది. నేను చెయ్యి ఊపాను. ఆమె చూడలేదు. పడవలో నాకు వాంతి అయింది.

ఎనిమిదో రోజు ఆ దస్తావేజు రిజిస్టరు చేయించడానికి చీరాల వెళ్ళాం. మా పొలం గిద్దలూరు తాలూకాలో ఉంటే రిజిస్టరు చీరాలలో ఎలా చేస్తారని తర్వాత చాలామంది అడిగారు. దానికి చిన్నాయన ముందే దారి చూశాడు. చీరాలలో పది అంకణాల చిన్న ఖాళీ జాగా ఒకటి అమ్మతో సహా ఇంట్లో అందరి పేరు మీద కొని, దాన్ని కూడా ఆ దస్తావేజులో కలిపాడు. దస్తావేజులోని భూమిలో కొంత చీరాలలో ఉంటే చాలు, రిజిస్టరు అక్కడే చెల్లుతుంది. గిద్దలూరు ఆఫీసులో అయితే మేం తెలిసిన వాళ్ళం. మాట మా మేనమామ పాపయ్య చెవిన పడుతుంది. వాడరేవు వెళ్ళడం మా అవ్వ ఆయాసం కోసమని ఎంత నిజమో, దీని కోసమని కూడా అంతే నిజం.

జట్కాలో పెదనాయన, చిన్నాయన, అమ్మ. నన్ను బంగళాలో వదలమన్నారు. అమ్మ నా చెయ్యి వదల్లేదు. "పాప లేకుండా రాను" అంది. సంతకం చేసిన తర్వాత రెండు రోజుల్లో ఆమె అన్న మాట అదొక్కటే.

రిజిస్ట్రారు ఆఫీసు ఒక పాత పెంకుటిల్లు. లోపల బల్లలు, జనం, సిరా వాసన. చాలాసేపు కూర్చున్నాక పిలిచారు. సబ్ రిజిస్ట్రారు ముసలాయన. మందపాటి అద్దాలు. చెవి సరిగా వినపడదనుకుంటాను, చెయ్యి చెవి దగ్గర పెట్టుకునే మాట్లాడుతున్నాడు. తల ఎత్తకుండానే పేరు, భర్త పేరు, ఊరు అడిగాడు. అమ్మ చెప్పింది. వేలిముద్ర కోసం సిరా దిండు మూత తీస్తూ, అదే గొంతుతో, పొద్దున్నుంచి పాతికమందిని అడిగినట్టే అడిగాడు.

"ఈ దస్తావేజు మీ ఇష్టప్రకారం మీరు రాసి ఇచ్చిందేనా? ఒప్పుకుంటున్నారా?"

అమ్మ సిరా దిండు వైపు చూసింది.

"ఒప్పుకుంటాంది సార్," అన్నాడు చిన్నాయన.

"మిమ్మల్ని కాదు. ఆమె చెప్పాలి."

అమ్మ ముందుకు జరిగింది. నా చెయ్యి ఆమె చేతిలో నలిగిపోతోంది. "అయ్యా, నన్ను అడుగుతున్నారా?" అంది.

"అడగాలమ్మా. రూలు."

"కాదంటే?"

అప్పుడు ఆయన తల ఎత్తాడు. "కాదంటే రిజిస్టరు చెయ్యను."

ఆ మాట అమ్మకు తెలియదు. సంతకంతో అంతా అయిపోయిందనే అనుకుంది. ఆఫీసుకు రావడం, సచ్చినోళ్ళకు పదోరోజు చేసినట్టు, జరగవలసిన తంతు అనుకుంది. అడిగే మనిషి ఒకడు ఉంటాడని, జవాబు తన దగ్గరే ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అమ్మ ఏదో అంది. నాకే వినపడలేదు.

"గట్టిగా చెప్పమ్మా," అన్నాడాయన చెవి ముందుకు పెట్టి.

"ఒప్పుకోను."

"ఏమిటి?"

"ఒప్పుకోను!" అమ్మ అరిచింది. బల్లల దగ్గర రాసుకునేవాళ్ళు కలాలు ఆపారు. వాకిట్లో బీడీ తాగుతున్నవాళ్ళు లోపలికి తొంగి చూశారు. "సంతకం నేనే పెట్టినా. ఊరికి పోనియ్యకుండా కూర్చోబెట్టి పెట్టించినారు. నా ఇష్టం కాదు. ఒప్పుకోను!"

"ఏంది కృష్ణమ్మా ఇది? నలుగుర్లో..." అని పెదనాయన లేచాడు. సబ్ రిజిస్ట్రారు చేత్తోనే ఆయన్ని కూర్చోమన్నాడు. సిరా దిండు మూత పెట్టేశాడు. కాగితం వెనక ఏదో రాసి, "ఒప్పుకోలేదని రాశాను. మీకు అభ్యంతరం ఉంటే పై ఆఫీసుకు అర్జీ పెట్టుకోవచ్చు" అని, తర్వాతి వాళ్ళను పిలిచాడు. అంతే. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

బయటకు వచ్చాక అమ్మ మెట్ల మీద కూర్చుండిపోయింది. ఎవరో నీళ్ళిచ్చారు. నేను అప్పుడు అనుకున్నాను, ఇక ఇంటికి పోతాం అని. ఎలా పోతాం? మా మూట బంగళాలో ఉంది. అందరి రైలు టిక్కెట్ల డబ్బులు పెదనాయన నడుం సంచిలో ఉన్నాయి. రాచర్లలో మా ఇల్లు కూడా ఆయన ఇంట్లోనే ఉంది. వచ్చిన జట్కా చెట్టు కింద నిలబడి ఉంది. అమ్మ లేచి వెళ్ళి అదే జట్కా ఎక్కింది. నలుగురం మోకాళ్ళు ఆనించుకుని ఎదురెదురుగా కూర్చుని, ఆ ఐదు మైళ్ళూ తిరిగి వచ్చాం.

సెలవు ఇంకా రెండు రోజులుంది.

ఆ రెండు రోజులూ ఎలా గడిచాయో చెప్పడం కష్టం. వడ్డనలో మా ఇద్దరి పేర్లు ఎవరూ పిలిచేవాళ్ళు కారు. అందరూ తిని లేచాక అమ్మ పోయి మిగిలింది తెచ్చేది. అక్కలిద్దరూ నన్ను చూసి చాప ఇంకో మూలకు లాక్కున్నారు. పెదనాయన ముఖం పాలిపోయింది. ఆయన కోపంతో కంటే సిగ్గుతో నలిగిపోతున్నట్టుండేది. అవ్వ మాత్రం అమ్మతో, "నా కొడుకుల్ని కచ్చేరీలో దొంగల్ని చేసినావు గదే" అని పొద్దంతా గొణుగుతూనే ఉంది. పెద్దమ్మ ఒకసారి నీళ్ళ కుండ దగ్గర అమ్మకు ఎదురై, పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. యేసుమణి రెండో రోజు తాటిముంజలు తెచ్చి, వరండాలో అందరినీ దాటుకుని వచ్చి, మా ఇద్దరి ముందు పెట్టి పోయింది. మేం తింటుంటే ఇంటిల్లిపాదీ చూస్తూ కూర్చున్నారు.

చివరి సాయంత్రం అమ్మ నన్ను తీసుకుని నీళ్ళ దగ్గరకు వచ్చింది. ఈసారి తోడెవరూ రాలేదు. తడి ఇసుకలో కూర్చున్నాం. నాలో ఉన్న మాట అప్పుడు బయటకు వచ్చింది. "ఆ రోజు నేను ఏడవకుంటే మనం రైలెక్కేసేవాళ్ళం కదమ్మా. నా వల్లే కదా."

అమ్మ నా పాదాల మీది ఇసుక దులిపింది. "నువ్వు ఏడ్చినందుకా జట్కా వచ్చింది? నువ్వు నడిచినా వచ్చేదే. గుర్రం కంటే బిరబిరా నడుస్తామా?" అంది. తర్వాత, "డబ్బుల్లేకుండా యాడికి పోదామని బయలుదేరితినో నాకే తెలియదు" అని నవ్వింది. నన్ను ఊరుకోబెట్టడానికే అలా చెప్పిందని ఇప్పటికీ అనుకుంటాను.

రాచర్ల చేరిన వారానికి ఇంటి మధ్య గోడ లేచింది. మా మేనమామ వచ్చి అర్ధవీడు వచ్చేయమన్నాడు. అమ్మ వెళ్ళలేదు. పై ఆఫీసుకు అర్జీ పెడతామని చిన్నాయన అన్నాడు కానీ, చట్టం తమ వైపు లేదని ఆయన వకీలే చెప్పాడట. పొలం అమ్మకే మిగిలింది.

పొలం మిగిలింది కానీ అమ్మ ఇక దాన్ని వదిలి కదలలేకపోయింది. రెండు రోజులు ఊళ్ళో లేకపోతే గట్టు జరుగుతుందేమో, బావి పూడుస్తారేమో, ఇంకో కాగితం ఎక్కడో పుడుతుందేమో అన్న భయం. పెదనాయన అలాంటి పని చేసేవాడు కాదని నేనంటే, "కాగితం కూడా చేస్తాడనుకోలా నేను" అనేది. మామ కొడుకు పెళ్ళికి తలంబ్రాల వేళకు పోయి, భోజనం కూడా చేయకుండా వచ్చేసింది. ఎవరైనా ప్రేమగా పలకరిస్తే చాలు, ముఖం బిగుసుకుపోయేది. గోడకు అవతల పెద్దమ్మ పండగ పిండివంటలు పంపితే గొర్రెలకు వేసేది. అది నాకు నచ్చేది కాదు. ఒకసారి అడిగాను కూడా. "విషం ఉంటాదని కాదు. బాగుంటాదని" అంది.

నన్ను గిద్దలూరు హైస్కూల్లో ఆమే చేర్పించింది. ఆముదాలు అమ్మి చదివించింది. పదేళ్ళకు నాకు తర్లుపాడులో టీచరు ఉద్యోగం వచ్చింది. రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని, వచ్చి నాతో ఉండమ్మా అని ఉత్తరం మీద ఉత్తరం రాశాను. ఒక ఆదివారం పొద్దున బస్సులో దిగింది. ఇల్లంతా తిరిగి చూసింది. బాగుందంది. నేను వండింది తిని, మంచం మీద కాసేపు నడుం వాల్చింది. నాలుగు గంటలకు లేచి చెప్పులు వేసుకుంది.

"ఒక్క రాత్రి ఉండమ్మా," అన్నాను.

"బావి దగ్గర మోట బొక్కెన వదిలేసి వచ్చినా తల్లీ."

బస్సు దాకా వెళ్ళాను. కిటికీ పక్కన సీటు దొరికింది. నేను టికెట్టు తీయబోతుంటే వద్దని చెయ్యి అడ్డం పెట్టి, కొంగు ముడి విప్పి, కండక్టరును తానే పిలిచి, "గిద్దలూరికి ఒకటి" అంది.